రెండు ట్యూనర్లు, ఒక ఒట్టు

కళ్ళజోళ్ళ దుకాణం, అద్దాలు అరగదీసే బల్ల వెనక,
మంగళవారం, బేరాల్లేని మధ్యాహ్నం

కొండదొరసాని మరదలికి,

మేమిక్కడ బాగున్నాం అని మొదలుపెట్టబోయి ఆగాను. అది సగమే నిజం. నేనూ బాగానే ఉన్నాను, మీ అక్కా బాగానే ఉంది. "మేం" అన్న మాట దగ్గరే తంటా వచ్చింది.

మీ అక్క ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీకి మారిన సంగతి నీకు తెలుసు. నేను దుకాణం మూసి ఇంటికొచ్చేసరికి ఆవిడ వార్డులో ఉంటుంది. ఆవిడ వచ్చేసరికి నేను గుర్రు పెడుతుంటాను. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు ఆవిడ నిద్రలో ఉంటుంది. మా సంసారం మొత్తం వంటింటి గట్టుమీద చీటీల్లో నడుస్తోంది. "పాలు కాచాను." "గ్యాస్ కట్టేశాను." ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు పెద్దమనుషుల్లా ఉన్నాం మరదలా. నాకు దిగులుగా ఉంది.

ఇదివరకు రోజూ కలిసి టీవీ చూసేవాళ్ళం. చూసేవాళ్ళం అంటే, పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడకి క్విజ్ కావాలి, నాకు డిటెక్టివ్ సీరియల్ కావాలి, రెండూ ఒకే వేళకి వస్తాయి. ఇప్పుడు రిమోటు మొత్తం నాదే. చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఏం చూడబుద్ధి కావటంలేదు.

అందుకని ఒక ఆలోచన చేశాను. దుకాణంలో పాత కంప్యూటరు ఒకటి మూలపడి ఉంది. దాన్ని ఇంట్లో పెట్టి, వచ్చే కార్యక్రమాలన్నీ అదే రికార్డు చేసుకునేలా చేస్తే, మీ అక్క సెలవు శనివారంనాడు ఇద్దరం పక్కపక్కన కూర్చుని వారంవి మొత్తం చూడొచ్చు. ఆవిడకి చెబితే ముచ్చటపడింది. అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాం. ఒకరు లేకుండా ఒకరు క్విజ్ చూడకూడదు, ఎవరు గెలిచారో వినకూడదు, ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోవాలి.

ఇంకొకటి కూడా చెబుతాను, ఆవిడకి చెప్పొద్దు. ఇలా సాయంత్రాలే కొనసాగుతావా, పగటికి వస్తావా అని పెద్ద నర్సమ్మ అడిగిందట. వానలు తగ్గేలోగా ఏదో ఒకటి చెప్పాలట. నన్నడిగితే "నీ ఇష్టం" అన్నాను. ఆ డ్యూటీ ఆవిడకి నచ్చిందేమో, నేనెందుకు అడ్డుపడాలి? కానీ "నీ ఇష్టం" అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సహించటంలేదు. శనివారాలైనా మిగలాలంటే ఈ పెట్టె పనిచెయ్యాలి.

నువ్వు ఆ కొండమీద కూర్చుని ఊరందరికీ టీవీ బొమ్మలు పంపే మనిషివి. టీవీ వెనకున్న చువ్వతో బొమ్మ మసగ్గా వస్తోంది, రికార్డుకి పనికిరాదు. కేబులు తీసుకోవాలా, డిష్షు పెట్టించాలా, యాంటెన్నానా? ట్యూనర్లని ఏవో ఉంటాయట, అవి ఎన్ని? నేను ఎందుకైనా మంచిదని ఎనిమిది అనుకుంటున్నాను.

మీ బావ


ట్రాన్స్‌మిటర్ స్టేషన్, పరికరాల గది,
సరుకుల జీపు వచ్చే శుక్రవారం

ఎనిమిది ట్యూనర్ల బావగారికి,

మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత కొంచెం ఏడ్చాను, మళ్ళీ ఎనిమిది దగ్గరికి వచ్చి నవ్వాను. ఎనిమిది ట్యూనర్లు పెట్టి ఏం చేస్తారు, పోటీ స్టేషన్ తెరుస్తారా?

ట్యూనరంటే ఒక చెవి అనుకోండి. ఒక చెవితో ఒకసారి ఒక్క ఛానెలే వినగలం. ఒకే వేళకి రెండు కార్యక్రమాలు రికార్డు కావాలంటే రెండు చెవులు చాలు. దేవుడు కూడా మనిషికి అంతే ఇచ్చాడు, ఇంకొక్కటి ఎక్కువిస్తే చాడీలు వింటామని.

ఇక ఏది తీసుకోవాలన్న మాట. కేబులువాళ్ళైనా డిష్షువాళ్ళైనా మీకొక పెట్టె ఇస్తారు. బొమ్మకి తాళం వేసి పంపుతారు, తాళంచెవి ఆ పెట్టెలోనే ఉంటుంది. రికార్డు చేసినా దాంట్లోనే చూడాలి. కనెక్షన్ మానేసిన రోజున మీరు దాచుకున్నదంతా గాలికి పోతుంది. ఇంటర్నెట్లో చూసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. సినిమాలకైతే సరే. మీ క్విజ్ మాత్రం అందులో ఉండదు, నేను వెతికాను.

మా కొండ నుంచి వచ్చే బొమ్మకి తాళం లేదు. యాంటెన్నా కొని పైకప్పుమీద పెట్టండి, తీగ కిందికి దించండి, రెండు ట్యూనర్లకి పంచండి, మీ పాత కంప్యూటరుకి తగిలించండి. ఛానెళ్ళు తక్కువే, మీకు కావాల్సిన రెండూ అందులో ఉన్నాయి. వానకి డిష్షు మొరాయించినా మేం మొరాయించం. ఇందులో నా స్వార్థం కూడా ఉంది. మా బొమ్మ చూసేవాళ్ళు నానాటికీ తగ్గిపోతున్నారు. సొంత బావ కూడా కేబులు పెట్టించుకున్నాడంటే ఇక్కడ జనరేటరు కూడా నన్ను చూసి నవ్వుతుంది.

విచిత్రం ఏమిటంటే, ఊరంతటికీ బొమ్మ పంపే ఈ కొండమీద నా ఫోనుకి ఒక్క గీత రాదు. కాబట్టి అడగాల్సినవన్నీ జీపు డ్రైవరు చేతికే ఇవ్వండి. తెలివైనవాడు, కవరు అంటించి ఉంటేనే చదవడు.

పెద్ద నర్సమ్మ సంగతి ఎవరికీ చెప్పను. కానీ "నీ ఇష్టం" అనేది జవాబు కాదు బావగారూ.

మీ మరదలు


దుకాణం, అదే బల్ల,
గురువారం

మరదలికి,

నీ మాట నమ్మి నడిసముద్రంలో దిగాను. బొమ్మ రావటంలేదు.

ముందు కేబులాయన సంగతి చెప్పాలి. మీసాలాయన, మా వీధి చివర ఆఫీసు. నేను యాంటెన్నా చంకన పెట్టుకుని వస్తుంటే చూశాడు. "ఏం సార్, మ్యూజియంకి అమ్ముతారా?" అన్నాడు. "ఇంట్లో పెట్టుకుంటాను" అన్నాను. "పెట్టుకోండి. రోజూ నీళ్ళు పోయండి, మొలకలొస్తే చెప్పండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఈ జన్మలో నీ గడప తొక్కనని మనసులో అనుకున్నాను.

పైకప్పు ఎక్కాను. మీ కొండకి గురి పెట్టటంలో నన్ను మించినవాడు లేడు. కళ్ళద్దం మధ్యబిందువు పట్టుకునే చేతులివి. దుకాణంలోంచి దుర్భిణీ తెచ్చుకుని, నీ టవరు మీద ఎర్రదీపం కనబడేదాకా చూసి, వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాను. ఆ మాత్రం సరిగ్గా ఇంకెవరూ పెట్టలేరు. కిందికి దిగి ట్యూనరు తిప్పితే రెండు ఛానెళ్ళలోనూ చుక్కలే. ఏమాటకామాట, రెండు ట్యూనర్లూ సమానంగా చుక్కలు చూపిస్తున్నాయి.

మీ అక్క డ్యూటీకి వెళ్తూ పైకప్పుమీద నన్ను చూసి, "ఏమండీ, దిగేటప్పుడు జాగ్రత్త, మా వార్డులో మంచాలు ఖాళీ లేవు" అని వెళ్ళిపోయింది. చాలా రోజుల తర్వాత ఆవిడ నాతో అన్న పెద్ద వాక్యం అదే. అందుకని నేను యాంటెన్నాని తిట్టటంలేదు.

ఏం చెయ్యమంటావ్?

మీ బావ


పరికరాల గది,
శుక్రవారం, జీపు హారను కొడుతోంది

బావగారూ,

ఒక్క ప్రశ్న. యాంటెన్నా పుల్లలు నేలకి అడ్డంగా ఉన్నాయా, నిలువుగా ఉన్నాయా? నిలువుగానే పెట్టి ఉంటారు. టవరు నిలువుగా ఉంది కాబట్టి.

మేం బొమ్మని అడ్డంగా పంపుతాం. మీ భాషలో చెప్పాలంటే, చూపులో అడ్డదోషం ఉన్నవాడికి కళ్ళద్దం సరైనదే కోసి, ఫ్రేములో నిలువుగా తిప్పి బిగించారు. అలాంటి జోడు మీ దుకాణంలో కుర్రాడు ఎవరికైనా ఇస్తే మీరేం చేస్తారు? అదే మీకూ చేసుకోండి. గురి మార్చొద్దు. పుల్లల్ని అడ్డంగా తిప్పండి, అంతే.

మీ మరదలు


దుకాణం,
పది రోజులు గడిచాక, సోమవారం, తలుపు తీయగానే

ఘనత వహించిన మరదలికి,

తిప్పాను. వచ్చింది. అద్దంలా వచ్చింది. నా వృత్తిలో ఇంత సిగ్గుపడ్డ రోజు లేదు. ఈ సంగతి నా దగ్గర పనిచేసేవాళ్ళకి తెలియకూడదు.

మొన్న శనివారం మొదటిసారి కూర్చున్నాం. మీ అక్క రెండు దిళ్ళు తెచ్చింది, నేను టీ పెట్టాను. క్విజ్ చూశాం, డిటెక్టివ్‌ని చూశాం, మళ్ళీ క్విజ్ చూశాం. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. రాయకూడదేమో గానీ రాస్తున్నాను, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డిటెక్టివ్‌కి దొంగ దొరికినందుకు అని చెప్పాను.

క్విజ్‌లో ఇప్పుడు ఇద్దరు దూసుకుపోతున్నారు. ఒకావిడ రిటైరైన టీచరమ్మ, ఇంకొకాయన బస్సు కండక్టరు. నాది టీచరమ్మ పార్టీ, మీ అక్కది కండక్టరు పార్టీ.

ఆశ్చర్యం ఏమిటంటే మీ అక్కకి తెలివి పెరిగింది. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తోంది. ఎక్కడో ఉన్న నది పేరు, ఎవరో రాజు తమ్ముడి పేరు, అన్నీ! "ఎలా తెలుసు నీకు?" అంటే, "వార్డులో చదువుకున్నవాళ్ళు వస్తుంటారండీ" అంది. వినేసరికి నాకు ఎంత గర్వంగా ఉందో!

ఒక్క లోపం ఉంది. నిన్న రాత్రి క్విజ్‌లో మూడో ప్రశ్న దగ్గర బొమ్మ రెండు క్షణాలు బిగుసుకుపోయింది. నీ వైపు ఏమైనా లోపమా, నా తీగదా? చూసి చెప్పు.

మీ బావ


పరికరాల గది,
శుక్రవారం

బావగారూ,

లోపం తీగదే, పంచేచోట గట్టిగా బిగించండి. ఇక అసలు విషయానికి వస్తాను.

ఉత్తరం సోమవారంది. మూడో ప్రశ్న దగ్గర బొమ్మ బిగుసుకున్నది "నిన్న రాత్రి". అంటే ఆదివారం. అక్క డ్యూటీలో ఉంది. వచ్చే శనివారందాకా ఆ క్విజ్ ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్న మనిషికి మూడో ప్రశ్న ఎలా కనబడింది? దొంగని పట్టే డిటెక్టివ్‌ని రోజూ చూస్తారు కదా, కొంచెమైనా నేర్చుకోలేదా?

నేను ఎవరికీ చెప్పనులెండి. కానీ కారణం తెలియాలి.

అక్క పోయిన వారం సరుకుల జీపెక్కి పైకి వచ్చింది, మీకు చెప్పే ఉంటుంది. ఇద్దరం టవరు కింద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. నాకొక సంగతి చెప్పి, ఎవరికీ చెప్పనని నా చేత కూడా ఒట్టు వేయించుకుంది. మీ ఇంట్లో అన్నిటికీ కొదవ ఉంది గానీ ఒట్లకి లేదు. అది ఏమిటో అడగొద్దు. మీ గర్వం మాత్రం కొంచెం తగ్గించుకోండి.

మీ మరదలు


దుకాణం,
బుధవారం, బయట జోరువాన

మరదలా,

దొరికిపోయాను. ఒప్పుకుంటున్నాను, తిట్టకు.

మొదటి రోజు రికార్డు అవుతోందో లేదో చూద్దామని పెట్టాను. శనివారంనాడు ఆవిడ దిండు వేసుకుని కూర్చున్నాక ఖాళీ తెర వస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను? సరిగ్గా వస్తోందని తెలిశాక కట్టేద్దామనుకున్నాను. అప్పటికి టీచరమ్మ ఒక ప్రశ్నలో చిక్కుకుంది. ఆవిణ్ణి అలా వదిలేసి ఎలా లేస్తాను? రెండో రోజు మళ్ళీ తనిఖీ. ఇప్పుడు రోజూ తనిఖీయే.

శనివారం వచ్చేసరికి నాకు అన్నీ తెలుసు. తెలియనట్టు మొహం పెట్టి, "అయ్యో" అనాల్సిన చోట అయ్యో అని, "అబ్బ" అనాల్సిన చోట అబ్బ అని నటించలేక చస్తున్నాను. దానికంటే కళ్ళద్దాలు అరగదీయటం సుఖం. కానీ నేనేం చూస్తున్నానో తెలుసా? టీవీ కాదు. మీ అక్క మొహం. ఆవిడ ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ నోరు తెరుస్తుందో అని కాచుకుని చూస్తున్నాను. ఈసారి కండక్టరు తప్పు చెప్పినప్పుడు ఆవిడ మొహంలో పెద్దగా మార్పు రాలేదు. పాపం అలిసిపోయి ఉంటుంది.

వచ్చే బుధవారం ఫైనలు. టీచరమ్మకీ కండక్టరుకీ. ఆ శనివారం చూస్తాం. ఆ తర్వాత సోమవారం ఆవిడ పెద్ద నర్సమ్మకి జవాబు చెప్పాలి. నేను ఇంకా నోరు విప్పలేదు. ఫైనలు చూసిన సంతోషంలో అడుగుదామనుకుంటున్నాను. నువ్వు పగటికి వచ్చెయ్యి, నాకు నువ్వు లేకపోతే తోచటంలేదు అని. ఇది రాయటానికే ఇంత కష్టంగా ఉంటే, ఎదురుగా ఎలా చెబుతానో నాకే తెలియదు.

అందుకని ఫైనలు రికార్డింగు మాత్రం పాడవకూడదు. నీ ట్రాన్స్‌మిటరుకి దణ్ణం పెడుతున్నానని చెప్పు.

మీ బావ


పరికరాల గది,
తర్వాతి వారం శుక్రవారం, ఇంకా ఉరుముతూనే ఉంది

బావగారూ,

ఈ ఉత్తరం రాయటానికి చేతులు రావటంలేదు.

మొన్న బుధవారం ఫైనలు సగంలో ఉండగా పిడుగులు కొండమీదికి వచ్చేశాయి. అంత దగ్గరికి వస్తే ట్రాన్స్‌మిటరు ఆపెయ్యాలి, అది ఇక్కడి నియమం. ఆపకపోతే ట్రాన్స్‌మిటరూ మిగలదు, నేనూ మిగలను. స్విచ్చి మీద చెయ్యి వేసినప్పుడు మీరే గుర్తొచ్చారు. "దణ్ణం పెడుతున్నానని చెప్పు" అన్నారు. చెప్పి, కట్టేశాను. మళ్ళీ వేసేసరికి క్విజ్ అయిపోయి వార్తలు వస్తున్నాయి. మొరాయించం అని గొప్పలు చెప్పినదాన్ని నేనే.

మీ రికార్డింగులో సగం ఖాళీయే ఉంటుంది. నన్ను క్షమించండి.

ఒక్క మాట మాత్రం చెబుతాను, ఒట్టు తప్పకుండా ఎంత చెప్పగలనో అంతే. శనివారం అక్కకి నిజం చెప్పెయ్యండి. ఏమీ కాదు. నన్ను నమ్మండి.

మీ మరదలు


ఇల్లు, హాలు, రెండు దిళ్ళ మధ్య,
మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం

మరదలికి,

జవాబు ఆలస్యమైంది. నీమీద కోపం వచ్చి కాదు, తీరిక లేక. ఎందుకు లేదో చివర్న చెబుతాను.

బుధవారం నేను తనిఖీలో ఉండగానే తెర నీలంగా అయిపోయింది. టీచరమ్మకీ కండక్టరుకీ సమానంగా ఉంది, ఇంకా చివరి ప్రశ్నలు ఉన్నాయి. గొడుగు కూడా తీసుకోకుండా వానలో పరిగెత్తాను. ఎక్కడికో ఊహించగలవా? ఈ జన్మలో తొక్కనన్న గడప. మీసాలాయన ఆఫీసులో గోడమీద పెద్ద టీవీ, అందులో మా ఫైనలు. నేను నీళ్ళోడుతూ నిలబడ్డాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీళ్ళు బాగానే పోసినట్టున్నారు సార్" అని కుర్చీ లాగాడు. కూర్చుని మొత్తం చూశాను. మంచివాడే, తుడుచుకోవటానికి తువ్వాలు కూడా ఇచ్చాడు.

శనివారం వచ్చింది. నీ ఉత్తరం జేబులో ఉంది. నిజం చెబుదామని నోరు తెరిస్తే మీ అక్క "ష్, మొదలైంది" అంది. సగందాకా చూశాం. నీలం తెర వచ్చింది. నిజం ఇంకా చెప్పనేలేదు కదా, నేను తెల్లమొహం వేశాను, ఈసారి నటన కాదు. ఆవిడ దిండు ఒళ్ళోకి లాక్కుని, "అయ్యో, చివరి ప్రశ్నకి టీచరమ్మ చేతులు వణికి గ్లాసులో నీళ్ళు ఒలకపోసుకోవటం పోయిందే" అంది.

"ఒలకపోసుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ జోడుకి ముక్కుదగ్గర మర వదులైంది, అందుకే జారుతోంది" అన్నాను.

అని, ఆగాను. ఆవిడ కూడా ఆగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మీరెక్కడ చూశారు?" అంది.

"నువ్వెక్కడ చూశావు?" అన్నాను.

వార్డులో టీవీ ఉందట. కేబులుదట. రోగులందరూ క్విజ్ పెట్టమంటారట. మొదటి రోజు చెవులు మూసుకుని మందులు ఇచ్చిందట. రెండో రోజు చెవులు మూసుకుంటే ఇంజెక్షన్ ఎలా చెయ్యాలి అని అడిగారట ఎవరో. అప్పట్నుంచీ రోజూ చూస్తోంది. అదీ మీ అక్క తెలివి. నేను పొంగిపోయిన నదులూ రాజుల తమ్ముళ్ళూ అన్నీ అంతకుముందే విన్నవే!

"మరి తెలిసి కూడా శనివారం ఎందుకు కూర్చున్నావు?" అన్నాను. "మీరు చూస్తారని" అంది. "మీరెక్కడ నవ్వుతారో చూద్దామని. ఎంత ముచ్చటగా అయ్యో అంటారో!"

నా అయ్యోలన్నీ నటనేనని చెప్పాను. తనవీ అంతేనంది. ఇద్దరం ఎంత నవ్వామంటే పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. ఆ నవ్వులోనే నా నోట్లోంచి వచ్చేసింది. పగటికి వచ్చెయ్యి, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు అని. ఆవిడ నవ్వు ఆపేసింది. "ఆ ముక్క కోసమే ఇన్నాళ్ళు చూశాను. 'నీ ఇష్టం' అంటే, నేను ఉన్నా లేకపోయినా ఒకటేనేమో అనుకున్నానండీ" అంది. మరదలా, నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు. నేనే వినలేదు.

సోమవారం ఆవిడ పెద్ద నర్సమ్మతో మాట్లాడింది. ఇప్పుడు పగటి డ్యూటీ. కొత్త క్విజ్ కూడా మొదలైంది. రోజూ ఇద్దరం కూర్చునే చూస్తున్నాం, అందుకే తీరిక లేదన్నాను. కాగితం కింద కొంచెం చోటు ఉంది, మీ అక్క రాస్తానంటోంది.

మీ బావ

చెల్లీ,

పైనున్నదంతా నమ్ము గానీ కళ్ళజోడు సంగతి మాత్రం నమ్మకు. టీచరమ్మ నీళ్ళే ఒలకపోసుకుంది, నేను కళ్ళారా చూశాను. ఆయన కాదంటారు. మూడు వారాలనుంచి ఇదే గొడవ. నువ్వు ట్రాన్స్‌మిటరు కట్టేశావు కాబట్టి మా ఇంట్లో తీర్పు చెప్పటానికి ఏమీ మిగల్లేదు. నీకు పుణ్యం ఉంటుంది.

ఇద్దరం ఇంట్లోనే ఉంటున్నాం కదా, ఇక ఆ రికార్డింగు పెట్టె ఎందుకు, తీసేస్తానన్నారు మీ బావ. వద్దన్నాను. నిన్న క్విజ్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు. ఇవాళ రికార్డింగు పెట్టుకుని చూడాలి.

అక్క